ఊపిరికి కాపలా

ఆకలియైనచో అన్నము కావలెనని మనకు తెలియును. దప్పికయైనచో నీరు కావలెనని తెలియును. ఊపిరి విషయమున మాత్రము మనకట్టి యెఱుక లేదు. నిమిషమునకు 12 మొదలు 16 మారుల వరకు, దినమునకు సుమారు 20,000 మారులు మన రొమ్ము ఎగసి పడుచునే యుండును. మాటలాడుచున్నను, భుజించుచున్నను, గాఢనిద్రలో మునిగియున్నను ఆ పని ఆగదు. మైకు ముందర కూర్చుండి, ఏ వాక్యము తరువాత ఊపిరి తీసికొనవలెనో ముందుగా లెక్కించుకొను మావంటివారు సైతము, ఎఱ్ఱదీపము ఆరిన మరుక్షణమున ఆ లెక్క మరచిపోవుదురు. ఉచ్ఛ్వాస నిశ్వాసములను నియమించుట యోగమని మన పెద్దలు చెప్పిరి. కాని ఎంతటి యోగియైనను నిద్రించునప్పుడు ఆ నియమమును ప్రకృతికే అప్పగింపక తప్పదు.

మనము మరచినను ఈ లెక్కను మరువని కాపరి యొకడు మన తలలో కలడు. బాల్యమున వచ్చిన జ్వరము ఆ కాపరిని గాయపరచి పోయినచో ఏమగును? జ్వరము తగ్గి, బిడ్డ బ్రతికి, ఇంటికి వచ్చిన పిదప ఏండ్ల తరబడి ఆ ఊపిరి ఎట్లు నడచును? ఈ ప్రశ్నలకు వైద్యశాస్త్రము సమాధానము వెదకిన చరిత్రను మనము నేడు కొంత పరిశీలింతము.

ఆ కాపరి నివాసమును కనుగొనుటకే చాలాకాలము పట్టినది. రెండవ శతాబ్దమున గాలెన్ అను గ్రీకు వైద్యుడు జంతువుల వెన్నుపామును వేర్వేరు ఎత్తులలో కోసి, మెడకు పైభాగమున కోసినప్పుడు ఊపిరి నిలిచిపోవుటను గమనించెను. పదునారు శతాబ్దములకు పైగా గడచిన తరువాత, 1812వ సంవత్సరమున, లెగాల్వా అను ఫ్రెంచి వైద్యుడు తన ప్రయోగముల ఫలితములను గ్రంథముగా ప్రకటించెను. అతడు కుందేటి మెదడును ముందునుండి వెనుకకు క్రమముగా తొలగించుచు వచ్చెను. పెద్దమెదడు పోయినను ఊపిరి ఆడుచుండెను. చిన్నమెదడు పోయినను ఆడుచుండెను. వెన్నుపాము మెదడుతో కలియు చోట, మజ్జాముఖమను చిన్న భాగమునకు కత్తి తగిలినంతనే నిలిచిపోయెను. బొటనవ్రేలి కొనకంటె ఎంతో పెద్దది కాని ఆ చోటనే ప్రాణపు మర ఇమిడియున్నదని లోకమునకు తెలిసినది.

ఆ మరను నడపున దేదియో 1905లో ఇంగ్లండున హాల్డేన్, ప్రీస్ట్లీ అను నిరువురు శాస్త్రజ్ఞులు నిరూపించిరి. మన మందరము ప్రాణవాయువు కొఱకే ఊపిరి పీల్చుచున్నామని అనుకొందుము. ఆ మాట నిజమే. కాని సామాన్య స్థితిలో మెదడు ముఖ్యముగా కనిపెట్టి యుండునది ప్రాణవాయువును గాదు, నెత్తురులోని బొగ్గుపులుసు వాయువును. అది రవ్వంత పెరిగినచో మజ్జాముఖము మేల్కొని, ‘ఇంకను లోతుగా పీల్చుము’ అని రొమ్ముకండలను ఆజ్ఞాపించును. తగ్గినచో మందగించును. ఈ చిన్న సూత్రమును మనస్సున నుంచుకొన్నచో మునుముందు చెప్పబోవు కథ సులభముగా బోధపడును.

మొదటి ప్రపంచ యుద్ధము సాగుచున్న కాలమున యూరపు ఖండమున ఒక వింత వ్యాధి తలయెత్తెను. 1917 ఏప్రిలులో వియన్నా నగరపు వైద్యసభలో కాన్‌స్టాంటిన్ ఫాన్ ఇకానమో దానిని వర్ణించి, ఎన్సెఫలైటిస్ లెథార్జికా అని పేరు పెట్టెను. నిద్రమత్తు మెదడువాపు అని దానిని మనము పిలువవచ్చును. కొందరు రోగులు వారములకొలది నిద్రలో మునిగి యుండిరి. కొందరికి రేయింబవళ్లు కునుకే పట్టలేదు. పది సంవత్సరముల కాలము భూగోళమంతయు తిరిగి, లక్షలాది జనులను పీడించి, వచ్చినంత వింతగనే ఆ జాడ్యము మాయమైనది. దాని మూలకారణము ఈనాటికిని నిర్ణయింపబడలేదు.

మా ప్రసంగమునకు ముఖ్యమైనది, ఆ వ్యాధి నుండి కోలుకొనిన పిల్లల గతి. జ్వరము పోయి నెలలు గడచిన పిమ్మట వారిలో కొందరి ఊపిరి దారితప్పెను. హఠాత్తుగా కుక్కవలె రొప్పుట, రొప్పి రొప్పి మొగము నీలి వర్ణమగువరకు ఊపిరి బిగబట్టుట, ఎడతెగని పొడిదగ్గు, బుసలు కొట్టుట, ఆవులింతల పరంపర — ఇట్టి లక్షణములను ఆనాటి వైద్యులు వ్రాసియుంచిరి. పగలు నిద్ర, రాత్రి మెలకువ అను విపర్యాసము వీనికి తోడయ్యెను. అంతకుముందు సాధువులుగా నుండిన పిల్లలు కోపిష్ఠులును, మొండివారును అయిరి. ఇట్టి పిల్లవానిని జూచి తల్లి భయపడును, తండ్రి గద్దించును, ఉపాధ్యాయుడు బెత్తము తీయును. బిడ్డ బుసకొట్టుట అల్లరి యని, ఊపిరి బిగబట్టుట బెదరింపని పెద్దలు తలచిన దినము లెన్నియో!

న్యూయార్కు నగర వైద్యుడు స్మిత్ ఈలీ జెలిఫ్ 1920ల దశాబ్దిలో ఈ శ్వాసవికారములను గూర్చి ప్రత్యేక గ్రంథమే రచించెను. ఇది మెదడునకు తగిలిన గాయమా, మనస్సున పుట్టిన వికారమా అను చర్చ అప్పుడు తీవ్రముగ సాగెను. ఆ చర్చకు మరియొక సాక్ష్యము ఎంతో ఆలస్యముగ లభించినది. 1969లో న్యూయార్కునందలి బెత్ ఏబ్రహాం వైద్యశాలలో, ఆ పాత వ్యాధివలన దశాబ్దములుగా కదలిక లేక పడియున్న వారికి డాక్టరు ఆలివర్ సాక్స్ ఎల్-డోపా అను మందు నిచ్చెను. శిలలవంటివారు లేచి నడచిరి. కాని వారిలో కొందరికి, మందు ప్రభావమున, రొప్పుటయు ఊపిరి బిగియుటయు సంకటములుగ పైకి వచ్చెను. నలువది యేండ్ల క్రిందటి జ్వరము వదలిన గాయము మెదడులో అట్లే మిగిలియున్నదన్న మాట. సాక్స్ 1973లో ప్రకటించిన ‘అవేకెనింగ్స్’ గ్రంథమున ఈ వృత్తాంతము కలదు. బెత్తము దెబ్బలు తినిన ఆనాటి పిల్లల పక్షమున ఇంత ఆలస్యముగ నైనను ఒక సాక్షి నిలిచెనని మేము భావించుచున్నాము.

ఊపిరిని దెబ్బతీసిన మరియొక బాల్యవ్యాధి పోలియో. శిశుపక్షవాతమని దీనికి పేరు. సాధారణముగా దీని వైరస్ వెన్నుపాములోని నరముల కణములను నాశనము చేసి కాలో చేయో చచ్చుపడునట్లు చేయును. కాని కొందరిలో అది పైకి ప్రాకి మజ్జాముఖమును ముట్టడించును. అప్పుడు బిడ్డ మ్రింగలేడు, దగ్గలేడు. నోటిలో ఊరిన లాలాజలము వాయునాళములోనికి జారును. ఊపిరి క్రమము తప్పును.

ఇట్టి వారి కొఱకు హార్వర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన ఫిలిప్ డ్రింకర్, లూయీ షా అను వారు 1928లో ఒక యంత్రమును నిర్మించిరి. రోగి తల మాత్రము వెలుపల నుండగా దేహమంతయు ఒక లోహపు పెట్టెలో బంధింపబడును. పెట్టెలోని గాలిని తోడినప్పుడు రొమ్ము విచ్చుకొనును. గాలిని వదలినప్పుడు ముడుచుకొనును. ఆ యేడు అక్టోబరులో బోస్టను బాలల వైద్యశాలలో ఎనిమిదేండ్ల బాలికను తొలిసారిగా అందు పరుండబెట్టిరి. నిమిషముల మీద ఆమెకు తెలివి వచ్చెను. కాని కొలది దినములకే న్యుమోనియావలన ఆ బాలిక మరణించెను. ఉక్కు ఊపిరితిత్తి యని లోకమున ప్రసిద్ధికెక్కిన యంత్ర మిదియే. దీని బలమును, బలహీనతయు ఆ మొదటి కథలోనే యున్నవి. రొమ్ముకండలు మాత్రమే చచ్చుపడిన వారిని అది కాపాడెను. గొంతు చచ్చుపడిన వారి విషయమున మాత్రము, గాలితోపాటు లాలాజలమును సైతము ఊపిరితిత్తులలోనికి లాగెను.

ఈ లోపమెంత ఘోరమైనదో 1952 వేసవిలో డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగను తెలిసికొన్నది. నగరమందలి బ్లెగ్డాం అంటువ్యాధుల వైద్యశాలకు దినమునకు 50 మంది వరకు పోలియో రోగులు వచ్చిచేరిన దినములు కలవు. ఆ యేటి చివరి మాసములలోపల అక్కడ చేరినవారు 2,700కు పైబడిరి. అంతటి వైద్యశాలలో నున్నది ఒకే ఒక ఉక్కు ఊపిరితిత్తి, రొమ్మునకు కట్టు కవచయంత్రములు ఆరు. మొదటి మూడు వారములలో ఊపిరి చిక్కిన 31 మందికి ఈ యంత్రములతో చికిత్స చేయగా 27 మంది మరణించిరి. వారిలో పెక్కుమంది పిల్లలు.

వైద్యశాలాధిపతి లాసెన్ అనుభవశాలి. మరణించువారి నెత్తురులో బొగ్గుపులుసు వాయువునకు సంబంధించిన లెక్క అత్యధికముగ కనబడుచుండెను. అది క్షారగుణము పెరుగుటకు గుర్తని, ఏదో తెలియని మార్పని అక్కడి వైద్యులు భావించిరి. బ్యోర్నెబో అను సహచరుని సలహామీద లాసెన్ ఆగస్టు నెలాఖరున ఒక మత్తువైద్యుని పిలిపించెను. అతని పేరు బ్యోర్న్ ఇబ్సెన్. శస్త్రచికిత్సలలో మత్తుగొనిన రోగులకు చేతితో ఊపిరి నందించుట అతని నిత్యకృత్యము. అతడు మరణించిన వారి ఊపిరితిత్తులను, నెత్తురు లెక్కలను పరిశీలించి చెప్పినది ఒకే మాట: ఇది తెలియని మార్పు కాదు, ఊపిరి చాలనందున బొగ్గుపులుసు వాయువు దేహమున పేరుకొనిపోవుచున్నది, గాలిని తగినంతగా ఆడించినచో వీరు బ్రతుకుదురు.

ఆగస్టు 27వ తేదీన పండ్రెండేండ్ల బాలికపై ఆ మాట పరీక్షకు వచ్చెను. ఆమె కాలుసేతులు చచ్చుపడెను. గొంతులో ద్రవములు నిండి ఉక్కిరిబిక్కిరి యగుచుండెను. కంఠమునకు క్రింద వాయునాళమున రంధ్రము చేయించి ఇబ్సెన్ ఒక గొట్టమును అమర్చెను. మొదట గాలి లోనికి పోలేదు, బాలిక పెనుగులాడెను, చూడవచ్చినవారు నిరాశతో వెనుదిరిగిరట. అప్పుడతడు మత్తుమం దిచ్చి ఆ పెనుగులాట నణచి, రబ్బరు సంచిని చేతితో నొక్కుచు గాలి నాడించెను. చర్మపు రంగు మారెను, చెమట తగ్గెను, నాడి కుదుటపడెను. మరల పాత కవచయంత్రమును కట్టిచూడగా బొగ్గుపులుసు వాయువు పెరిగెను. సంచిని నొక్కగా తగ్గెను. వాదము తీరిపోయెను.

అయినను సంచిని నొక్కువారెవరు? యంత్రములు లేవు, ఒకే సమయమున 70 మంది వరకు రోగులకు ఈ సహాయము కావలసి వచ్చెను. అందుచేత వైద్యవిద్యార్థులను, దంతవైద్య విద్యార్థులను పిలిచిరి. సుమారు 1,500 మంది వంతులవారీగా వచ్చి మంచము ప్రక్కన కూర్చుండి, గంటల తరబడి, రేయింబవళ్లు, నెలల తరబడి రబ్బరు సంచులను నొక్కిరి. మొత్తము 1,65,000 గంటల శ్రమ యని లెక్క తేలినది. బిడ్డలు నిద్రించునప్పుడు వారి ఊపిరి ఆ విద్యార్థుల అరచేతులలో నుండెను. మెదడులోని కాపరి పడిపోగా, అతని స్థానమున ఇరువదియేండ్ల యువకులు కాపలా కూర్చుండిరి. వారిలో కొందరు అర్ధరాత్రి వేళ తమ చేతిలోనే రోగి మరణించుట చూచిరి. మరునాడు మరల వచ్చి మరియొక మంచము ప్రక్కన కూర్చుండిరి. 100కు 87 మంది చనిపోవుచున్న వ్యాధిలో, కొలదికాలములోనే ఆ సంఖ్య సుమారు 40కి దిగివచ్చెను. అటుపిమ్మట ఇంకను తగ్గెను. పరీక్షాశాలాధిపతి పౌల్ ఆస్ట్రుప్ నెత్తురులోని ఆమ్లగుణమును కొలచి, ఊపిరి చాలుచున్నదో లేదో అంకెలలో చెప్పు పద్ధతిని అక్కడనే నెలకొల్పెను. 1953 డిసెంబరులో ఇబ్సెన్ కోపెన్‌హాగను పురపాలక వైద్యశాలలో ఇట్టి రోగులకు ప్రత్యేక విభాగము నేర్పరచెను. నేడు ప్రతి పట్టణమందును మనము చూచు ఇంటెన్సివ్ కేర్ విభాగములకు అదియే నాంది.

చరిత్రకారులు సాధారణముగా ఇక్కడ కథను ముగింతురు. ఇక్కడ ముగించుట న్యాయము కాదని మా అభిప్రాయము. బ్రతికినవా రేమైరి? ఆ పండ్రెండేండ్ల బాలిక బ్రతికెను. కాని యంత్రపు ఊపిరి నామె విడువలేకపోయెను. దాదాపు రెండు దశాబ్దములు అట్లు జీవించి 1971లో మరణించెను. ఆమె వంటివా రనేకులు.

యంత్రమును విడిచి ఇంటికి పోయినవారిలోను ఒక వింత కనబడెను. పగలు వారు బాగుగనే యుందురు, మాటలాడుదురు, పనిచేయుదురు. నిద్రపట్టినంతనే ఊపిరి పలుచనగును, కొంతసేపు నిలిచిపోవును. 1958లో అమెరికాలో ప్లమ్, స్వాన్సన్ అను వైద్యులు పోలియో రోగులను పరిశీలించి, మజ్జాముఖము దెబ్బతిన్నవారిలో బొగ్గుపులుసు వాయువును గుర్తించు శక్తియే నశించినదని చూపిరి. హాల్డేన్ చెప్పిన సూత్రము వారి విషయమున తెగిపోయెనన్న మాట. మెలకువలో సంకల్పము తోడ్పడును. నిద్రలో సంకల్పము లేదు. 1962లో సెవరింగ్‌హాస్, మిచెల్ అను వారు శస్త్రచికిత్స పిదప ఇట్టి స్థితికి లోనైన మువ్వురు రోగులను వర్ణించి, దీనిని ‘ఒండీన్ శాపము’ అనిరి. ఫ్రెంచి నాటకకర్త ఝిరోదూ 1939లో ప్రదర్శింపించిన నాటకమున జలకన్యను వంచించిన నాయకుడు తన దేహపు ప్రతి పనిని తానే తలచుకొని చేయవలసి వచ్చును, మరచినచో మరణమే. ఆ పేరు చెవికి ఇంపుగ నున్నను మాకు నచ్చదు. శాపమన్నచో దోషమొకటి యుండవలెను. జ్వరము వచ్చిన బిడ్డ చేసిన దోషమేమి?

కాలము గడచినకొలది మరియొక సత్యము బయటపడెను. పోలియోనుండి కోలుకొని, ముప్పది నలువది యేండ్లు సంసారములు, ఉద్యోగములు నడపినవారికి క్రొత్తగా నీరసము, కండల బలహీనత, రాత్రులందు ఊపిరి చాలమి తలయెత్తెను. మిగిలిన కొలది నరకణములు చచ్చినవాని పనిని సైతము మోసి మోసి అలసిపోవుట దీనికి ముఖ్యకారణమని వైద్యుల అభిప్రాయము. ఉదయము లేచునప్పటికి తలనొప్పి, పగలు కునికిపాట్లు, పీడకలలు, మతిమరుపు — ఇవి దాని గుర్తులు. ముసలితనమని, చింతయని తలచి వీనిని త్రోసివేయుట సులభము. నిద్రలో నెత్తురులోని వాయువులను కొలిచినప్పుడే నిజము తెలియును. ఇట్టివారికి ప్రాణవాయువును మాత్రమే ఇచ్చి ఊరకుండుట అపాయకరము. పేరుకొనిన బొగ్గుపులుసు వాయువు దానిచేత పోదు సరిగదా, ఇంకను పెరుగవచ్చును. 1980ల దశాబ్దిలో ముక్కుపై ముసుగు తగిలించి రాత్రులందు గాలిని త్రోయు చిన్నయంత్రములు వాడుకలోనికి వచ్చిన పిదప, గొంతు కోయకయే అనేకులు ఇంటివద్ద సుఖముగ నిద్రింపగలిగిరి.

పట్టుదలకు ఉదాహరణముగా పాల్ అలెగ్జాండర్ పేరు చెప్పదగియున్నది. 1952లో టెక్సస్ రాష్ట్రమున ఆరవయేట పోలియో సోకి అతడు ఉక్కు ఊపిరితిత్తిలో చేరెను. కప్పవలె నాలుకతోను గొంతుతోను గాలిని గుటకలుగ లోనికి త్రోయు విద్యను అభ్యసించి, పగటివేళ కొన్ని గంటలు యంత్రము వెలుపల గడపగలిగెను. న్యాయశాస్త్రము చదివి న్యాయవాదియయ్యెను. 2024 మార్చిలో, 78వ యేట, మరణించెను. పగలెంత సాధించినను రాత్రియైనచో మాత్రము ఆ పెట్టెలోనికే పోవలసివచ్చెను. నిద్రలో గుటకలు వేయుట ఎవరికిని సాధ్యము కాదు గదా.

మన దేశమున చివరి సహజ పోలియో రోగి 2011 జనవరిలో పశ్చిమ బెంగాలున కనబడెను. 2014 మార్చి 27న మన ప్రాంతమునకు పోలియో విముక్తి పత్రము లభించెను. ఇది గర్వింపదగిన విజయము. కాని అంతకుముందు ఆ వ్యాధి సోకినవారు మన నడుమ నున్నారు, నడివయస్సు దాటుచున్నారు. మెదడువాపు జ్వరములును మనకు క్రొత్తవి కావు. జపనీస్ మెదడువాపు మన దేశమున మొదట గుర్తింపబడినది 1955లో. ఉత్తర ఆర్కాటు జిల్లానుండియు, దానిని ఆనుకొనిన ఆంధ్ర జిల్లాలనుండియు వేలూరు వైద్యశాలకు వచ్చిన రోగులయందు. 2003లో చండీపురా వైరస్ ఆంధ్రప్రదేశమున 329 మంది బాలబాలికలను పట్టగా 183 మంది మరణించిరి. ఆ రెండవ అంకె అందరకును జ్ఞాపకమున్నది. మొదటి దానినుండి రెండవదానిని తీసివేసినచో మిగులునది 146. ఆ పిల్లల మాట తరువాత ఎందరు తలచిరి?

మెదడువాపునుండి బయటపడినవారందరికిని ఊపిరి చిక్కులు రావు. కాని మ్రింగుట, దగ్గుట బలహీనపడిన బిడ్డకు మాటిమాటికి ఊపిరితిత్తులలో చీము జ్వరములు వచ్చును; కాపరి గాయపడిన బిడ్డకు నిద్రయే గండము. అన్నము తినునప్పుడు పొలమారుట, నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చుట, లేచునప్పటికి తలనొప్పి, బడిలో కునికిపాట్లు — వీనిని కనిపెట్టుటకు యంత్ర మక్కరలేదు. ఇంటిలో ఒకరు రాత్రివేళ కొంతసేపు ప్రక్కన కూర్చుండి గమనించినచో చాలును. గమనించినది వైద్యునకు చెప్పవలెను; ఆ పాత జ్వరమును గూర్చి తప్పక చెప్పవలెను. పదేండ్లైనను, నలుబదేండ్లైనను అది పాతబడిపోయిన సంగతి కాదు.

కోపెన్‌హాగను విద్యార్థుల కథను మనము గొప్పగా చెప్పుకొనుట ఉచితమే. వారి కాపలా కొన్ని నెలలకు ముగిసి యంత్రములు వారి స్థానము నాక్రమించెను. యంత్రము ఊపిరి నాడించును. ఎప్పుడది కావలెనో ముందుగా గుర్తింపవలసినది మాత్రము మంచము ప్రక్కనున్న మనుష్యుడే. ఆ పని తల్లిది, తండ్రిది, ఉపాధ్యాయునిది, ఊరి వైద్యునిది. బ్రతికిన బిడ్డను లెక్కలో చేర్చుకొని, ఆ బిడ్డ నిద్రను సైతము కనిపెట్టి యుండుట వ్యాధిని జయించుటలో సగపాలు.